చికానా కథల్లో ప్రేమించిన ఆడవాళ్లంతా కిటికీ దగ్గరే ఎందుకు తేలతారు?

ఫ్రిస్కో_వాణి
మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. స్కూల్లో సాండ్రా సిస్నేరోస్ (మెక్సికో మూలాలున్న అమెరికన్ రచయిత్రి, ఇలాంటివాళ్లనే చికానా అంటారట) రాసిన ‘ది హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్’ చదవమన్నారు. సన్నటి పుస్తకమే కదా అని పిల్లకన్నా ముందు నేనే రెండు రాత్రుల్లో ముగించాను. ముగించాక ఒకటే చిరాకు.

షికాగోలో ఓ బీద వీధి, ఎస్పెరాన్జా అనే పిల్ల, చుట్టూ ఎక్కువగా స్పానిష్ మాట్లాడే కుటుంబాలు. అంతవరకు బాగుంది. కానీ ఆ వీధిలో పెళ్లాడిన ప్రతి ఆడదీ చివరికి కిటికీ దగ్గర కూర్చోవాల్సిందేనా? ఎస్పెరాన్జా ముత్తవ్వని తలమీద గోనెసంచి వేసి ఎత్తుకుపోయి పెళ్లి చేసుకున్నారట, ఆవిడ బతుకంతా కిటికీలోంచి చూస్తూనే గడిచింది. రఫేలా మొగుడు మంగళవారం రాత్రుళ్లు ఆమెని ఇంట్లో పెట్టి తాళం వేసి డామినోస్ ఆడుకోవడానికి పోతాడు. ఆమె పైనుంచి తాడు వదిలి, కింద పిల్లల చేత కొబ్బరి రసమో బొప్పాయి రసమో తెప్పించుకుంటుంది. సాలీకైతే ఎనిమిదో క్లాసు కాకముందే పెళ్లి. వాడు కిటికీలోంచి కూడా చూడనివ్వడు. మా పిల్లదీ ఎనిమిదో క్లాసే, అక్కడ నాకు గుండె ఝల్లుమంది.

నా గోల ఏంటంటే, ప్రేమించి సుఖపడ్డ ఆడమనిషి ఒక్కతి దొరకలేదా ఈవిడకి? మెక్సికన్ మగాళ్లంతా ఇంతేనని మా పిల్ల అనుకోదా? మా ఎదురింటాయన మెక్సికనే. ఆదివారం పొద్దున్నే భార్యకి కాఫీ కలిపి వరండాలోకి తెచ్చి ఇస్తాడు. నాకా భాగ్యం లేదు. ఇంకా ఎవరైనా ఈ రకం రచయిత్రుల్ని చదివారా, అందరూ ఇలాగే రాస్తారా?

మిర్చిబజ్జీ99
డామినోస్ ఆడటమేంటండీ, తినడం కదా?

ఫ్రిస్కో_వాణి
పిజ్జా కాదు బాబూ. చుక్కల బిళ్లలతో ఆడతారే, ఆ ఆట.

పాతపుస్తకాల_పురుగు
వాణి గారూ, ముందు ‘ఈ రకం రచయిత్రులు’ ఎవరో చూద్దాం. చికానా అంటే మెక్సికోలో ఉండే ఆడమనిషి కాదు. మూలం మెక్సికోది, పుట్టిందో పెరిగిందో అమెరికాలో, పైగా ఆ పేరు తానే కోరి పెట్టుకున్న మనిషి. అందరూ వలస వచ్చినవాళ్లూ కాదు. 1848లో గ్వాదలూపె ఇదాల్గో ఒప్పందంతో మెక్సికో ఉత్తర భాగమంతా అమెరికా చేతికి పోయింది. జనం ఉన్న ఊళ్లోనే ఉన్నారు, సరిహద్దే వాళ్లని దాటుకుంటూ కిందికి వెళ్లింది. చికానో (మగవాళ్లకీ, మొత్తం జనానికీ వాడే రూపం) అన్నది ఒకప్పుడు చిన్నచూపు మాట. 1960ల ఉద్యమం దాన్నే ఎత్తి తలమీద పెట్టుకుంది.

ఇక ఉద్యమంలో ఆడవాళ్ల సంగతి. చాలాచోట్ల వంటలూ టైపింగూ వాళ్లవి, మైకు మగవాళ్లది. 1969లో డెన్వర్‌లో పెద్ద యువజన సభ జరిగింది. ఆడవాళ్లంతా విడిగా కూర్చుని చర్చించుకున్నాక సభకి తెచ్చిన మాట ఏంటో తెలుసా? చికానా స్త్రీకి విముక్తి అక్కర్లేదని! లోపల అంతకన్నా చాలా మాట్లాడుకున్నామని కొందరు తర్వాత రాశారు. బయటికి వచ్చింది మాత్రం ఆ ఒక్క ముక్క. 1980ల్లో వచ్చిన కథలన్నీ ఆ ముక్కకి జవాబులని నా లెక్క. అందుకే అంత కోపంగా ఉంటాయి.

ఇంకోటి, మీరు కిటికీలే చూశారు. నాన్నని చూడలేదు. చీకటితో లేచి పనికిపోయే నాన్న, తన తండ్రి పోయాడని కబురొస్తే మంచం మీద కూర్చుని ఏడుస్తాడు. పిల్ల ఆయన్ని పట్టుకుని అలాగే ఉండిపోతుంది. అమ్మ జుట్టుకి రొట్టె వాసన వస్తుందని రాసిన పేజీ మర్చిపోయారా? ప్రేమ లేకపోవడమేంటండీ.

నిద్రరాని_నీలిమ
అమ్మ జుట్టు పేజీ చదివి మా అమ్మకి ఫోన్ చేశాను, రాత్రి పన్నెండుకి. ఎవరికి ఏమైందని భయపడి చచ్చింది పాపం.

సూటిగా_సుధాకర్
పురుగు గారు చెప్పినంత గొప్పగా నాకు కనబడలేదు. తెల్ల పాఠకుడికి ఏం కావాలి? గోధుమరంగు మగాడు కొట్టాలి, గోధుమరంగు ఆడది ఏడవాలి. ఆ సరుకు ఇస్తే స్కూళ్లలో పెడతారు, అవార్డులిస్తారు. మన దేశం నుంచి ఇంగ్లిషులో రాసేవాళ్లలోనూ ఈ జబ్బు ఉంది. ఇంటి గుట్టు వీధిలో పెట్టి అమ్ముకోవడం.

పాతపుస్తకాల_పురుగు
అమ్ముకునేవాళ్లు న్యూయార్క్ వెళ్తారు సుధాకర్ గారూ. మ్యాంగో స్ట్రీట్ 1984లో వేసింది హ్యూస్టన్‌లోని ఆర్తె పుబ్లికో అనే చిన్న ప్రెస్. అమెరికాలోని స్పానిష్ మూలాల రచయితల కోసం పెట్టుకున్నది. పెద్ద కంపెనీలు తర్వాత వచ్చాయి. ముందు చదివింది వాళ్ల వాళ్లే.

గోదారిగట్టు
ఇంటి గుట్టు మాట వచ్చింది కాబట్టి. వాళ్లకి దానికో పేరే ఉంది: మలించె. స్పానిష్ వాళ్లు మెక్సికో మీదికి దండెత్తి వచ్చినప్పుడు వాళ్ల నాయకుడు కోర్తెస్‌కి దుబాసీగా ఉన్న ఆదివాసీ స్త్రీ. ఆమెని అతనికి బానిసగా ఇచ్చేశారు, ఎవరూ ఆమె ఇష్టం అడగలేదు. అయినా మెక్సికో స్వతంత్రమైనప్పటి నుంచీ జాతిద్రోహి అన్న ముద్ర ఆమె నెత్తినే ఉంది. ఇంట్లో జరిగేది బయట చెప్పిన ప్రతి ఆడదాన్నీ ఆ పేరుతోనే తిడతారు. చికానా రచయిత్రులు అందుకే ఆ మలించెని మళ్లీ రాశారు. పిల్లల్ని నీళ్లలో ముంచి ఏటి ఒడ్డున ఏడుస్తూ తిరిగే లా యొరోనా అనే దెయ్యాన్ని, మెక్సికో జనం కొలిచే మేరీమాత రూపం గ్వాదలూపె మాతని కూడా. మన ఓల్గా గారు ‘విముక్త’లో శూర్పణఖని, అహల్యని, రేణుకని, ఊర్మిళని సీతకి ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించారే, అదే పని. ఆవిడని కూడా అప్పుడు ఇంటి గుట్టు అన్నవాళ్లున్నారు.

సూటిగా_సుధాకర్
ఓల్గా గారి మీద నేనేమీ అనలేదు, నన్ను అందులోకి లాగకండి.

మిర్చిబజ్జీ99
లాగలేదు సార్, సీత పక్కన కూర్చోబెట్టారంతే.

శాన్‌ఆంటోనియో_సుబ్బు
వాణి గారూ, మీరు తప్పు పుస్తకంతో మొదలెట్టారు. అదే రచయిత్రిది ‘ఉమన్ హాలరింగ్ క్రీక్’ అనే కథ ఉంది, 1991 సంపుటిలో. నేను సాహిత్యం మనిషిని కాను, ట్రక్కు విడిభాగాల లెక్కలు చూసుకునేవాణ్ణి. కానీ మా ఊరి నుంచి పక్కనున్న సెగీన్ వైపు ఐ-10 హైవే మీద పోతుంటే ఆ పేరుతో నిజంగా పచ్చబోర్డు ఉంటుంది. అరిచే ఆడదాని వాగు! రోజూ చూసి చూసి, ఇదేంట్రా అని వెతికితే కథ దొరికింది.

క్లెయోఫిలాస్ అనే అమ్మాయి. మెక్సికోలో చిన్న ఊరు, తల్లి లేదు, తండ్రీ ఆరుగురు అన్నదమ్ములూ. టీవీలో సీరియళ్లు చూసి చూసి ప్రేమంటే అలాగే ఉంటుందనుకుంటుంది. సరిహద్దు ఇవతల సంబంధం వస్తే సెగీన్‌కి కాపురానికి వస్తుంది. ఇటుపక్క ఇంట్లో సోలెదాద్, అటుపక్క ఇంట్లో దొలోరెస్. నాతో పనిచేసే అతను చెప్పాడు, సోలెదాద్ అంటే ఒంటరితనం, దొలోరెస్ అంటే నొప్పులట. నడుమ ఈ పిల్ల. వెనక వాగు. మొగుడు కొడతాడు. ఓసారి ఆమె చదువుకుంటున్న ప్రేమ నవలే విసిరితే చెంప మీద వాత తేలుతుంది. కొట్టేది కూడా ప్రేమకథతోనే, చూశారా.

మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు క్లినిక్‌కి వెళ్తే అక్కడ పనిచేసే ఆవిడ ఒంటి మీద దెబ్బలు చూసి ఫెలీస్ అనే స్నేహితురాలికి ఫోన్ చేస్తుంది. ఫెలీస్ పికప్ ట్రక్ వేసుకొస్తుంది. ఆ ట్రక్ మొగుడిది కాదు, ఆమెదే, ఆమే వాయిదాలు కట్టుకుంటుంది. వాగు మీద వంతెన రాగానే ఫెలీస్ టార్జాన్‌లా పెద్ద కేక పెడుతుంది! ఈ చుట్టుపక్కల ఆడదాని పేరున్న చోటు ఇదొక్కటేనని, ఎప్పుడు దాటినా అరుస్తుందట. క్లెయోఫిలాస్‌కి ముందు అదిరిపోతుంది, తర్వాత నవ్వొస్తుంది.

ఇందులో కిటికీ లేదండీ. ట్రక్కుంది.

నిద్రరాని_నీలిమ
సుబ్బు అన్నా, సాహిత్యం మనిషిని కాను అంటూనే ఏడిపించారు.

పాతపుస్తకాల_పురుగు
ఆ వాగుని కథలో స్పానిష్‌లో లా గ్రితోనా అంటారు, అరిచేది అని. యొరోనా అంటే ఏడ్చేది. వాగు పక్కన ఏడ్చే పాత దెయ్యం కథని తీసుకుని ఏడుపుని కేకగా మార్చేసింది సిస్నేరోస్. ఆ కేక కోపమా నొప్పా అని క్లెయోఫిలాస్ ఊళ్లో అందర్నీ అడుగుతుంది, ఎవరికీ తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఏళ్ల తరబడి క్లాసులో చెప్పాల్సిన విషయం సుబ్బు గారు ట్రక్కు వాయిదాలతో చెప్పేశారు.

మోడరేటర్
కథ ముగింపులు చెప్పేటప్పుడు ముందు ఓ మాట హెచ్చరించండి. ఇప్పటికే ఇద్దరు ఫిర్యాదు చేశారు.

మిర్చిబజ్జీ99
ముప్పై ఏళ్ల కిందటి కథకి ముగింపు చెప్పారని ఫిర్యాదా? రామాయణంలో చివర ఏమవుతుందో కూడా నాకు చెప్పకండి మరి.

అభిమానసంఘం_అధ్యక్షుడు
ప్రేమ కావాలంటే డెనీస్ చావెజ్ ‘లవింగ్ పెద్రో ఇన్ఫాంతె’ చదవండి, 2001లో వచ్చింది. నా పేరు చూశారుగా, నా కోసమే రాసినట్టుంది. పెద్రో ఇన్ఫాంతె అంటే మెక్సికో సినిమా హీరో, పాటగాడు, 1957లో విమాన ప్రమాదంలో పోయాడు. న్యూమెక్సికోలో ఓ చిన్న ఊళ్లో తెరె అనే ఆమె, అతని అభిమాన సంఘం 256వ శాఖలో సభ్యురాలు! హీరో పోయి అన్నేళ్లయినా మీటింగులు పెట్టుకుని ఆ సినిమాలే మళ్లీ మళ్లీ చూస్తారు. బయట మాత్రం ఆమె పెళ్లయినవాడితో తిరుగుతూ, వాడు ఫోన్ చేస్తాడా లేదా అని కాచుకుని కూర్చుంటుంది. తెరమీద మనిషిని ప్రేమించిన కొలతతో ఇంటికొచ్చే మగాణ్ణి కొలిస్తే ఏమవుతుందో మొత్తం అదే. పడీపడీ నవ్వాను. తర్వాత మా సంఘం కటౌట్ల ఖర్చు గుర్తొచ్చి నవ్వాపాను.

ఫ్రిస్కో_వాణి
మొత్తానికి ఇక్కడ కూడా ప్రేమ ఫోన్ దగ్గర కాపలాయే కదా అధ్యక్షా. కిటికీ బదులు ఫోను.

అభిమానసంఘం_అధ్యక్షుడు
కాపలా మానేయడం కూడా కథలో ఉందండీ. మోడరేటర్ గారి భయానికి ఎక్కువ చెప్పట్లేదు.

పత్తిచేను_గుంటూరు
నాది వేరే బాధ. అందరూ మొగుళ్ల గురించే మాట్లాడుతున్నారు, కూలి గురించి ఎవరూ అనట్లేదు. హెలెనా మరియా విరమొంటెస్ ‘అండర్ ది ఫీట్ ఆఫ్ జీసస్’ (1995) చదవండి. కాలిఫోర్నియాలో పళ్లతోటల కూలీలు. ఎస్త్రెయా అని పదమూడేళ్ల పిల్ల, ఆమెని ఇష్టపడే అలెహో. తోటలో ఉండగా విమానం వచ్చి పురుగుమందు చల్లితే అలెహో మీద పడుతుంది. ఇక అక్కడినుంచి ఆ పిల్లాడు నీరసించిపోవడమే. ఉన్న కాసిని డబ్బులతో క్లినిక్‌కి తీసుకెళ్తే నర్సు ఆస్పత్రికి తీసుకెళ్లమని చెప్పి ఫీజు మాత్రం తీసేసుకుంటుంది. అప్పుడు ఎస్త్రెయా కారులోంచి గడ్డపార లాంటి ఇనప కడ్డీ తెచ్చి నర్సు బల్ల మీద బాది, తమ తొమ్మిది డాలర్ల చిల్లర వెనక్కి తీసుకుంటుంది. పెట్రోలుకి ఆ డబ్బే ఆధారం.

మా నాన్న పత్తికి మందు కొట్టేవాడు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, అంతే. సాయంత్రం వాంతులు చేసుకుంటే అమ్మ మజ్జిగ ఇచ్చేది. మాకు ఎప్పుడూ మందు కొట్టడం అంటే పని, జబ్బు కాదు. ఈ పుస్తకంలో ఆ పేజీలు చదివేటప్పుడు నాకు వాసన వచ్చింది. పేరుకి అదొక ప్రేమకథే. ఒక పిల్ల తనకి నచ్చినవాడి కోసం ఇనప కడ్డీ పట్టుకుంది. వాణి గారూ, ఇంతకన్నా ప్రేమ ఏం కావాలి?

ఫ్రిస్కో_వాణి
ఏమీ అక్కర్లేదండీ. మీ నాన్నగారు బాగున్నారా?

పత్తిచేను_గుంటూరు
ఉన్నారు. ఇప్పుడు మిర్చి.

సూటిగా_సుధాకర్
గుంటూరు తమ్ముడు చెప్పిన పుస్తకం మాత్రం చదవాలనిపించింది. నేను అన్న జబ్బు ఇందులో లేనట్టుంది. కానీ ఒక ప్రశ్న: 2020లో ‘అమెరికన్ డర్ట్’ అని మెక్సికో వలస మీద నవల వచ్చినప్పుడు చికానా రచయిత్రులే బయటివాళ్లు మా కథ రాసి డబ్బు చేసుకుంటున్నారని గోల చేశారు కదా. మరి దాన్ని మెచ్చుకుంటూ అట్టమీద మాట రాసింది ఎవరు? మీ సిస్నేరోసే.

పాతపుస్తకాల_పురుగు
అవును, రాసింది. తిట్లు కూడా తింది. మిర్యమ్ గుర్బా లాంటి చిన్నవాళ్లు గట్టిగానే వేసుకున్నారు. నాకూ ఆవిడ చేసింది నచ్చలేదు. దాంతో మ్యాంగో స్ట్రీట్ చెడ్డదైపోదు.

నిద్రరాని_నీలిమ
భాష గురించి ఒకటి చెప్పాలి. గ్లోరియా అన్‌జల్దువాది ‘బోర్డర్‌లాండ్స్’, 1987. కథల పుస్తకం కాదు, వ్యాసాలూ కవితలూ కలిపింది. టెక్సాస్‌లో చిన్నప్పుడు ఆటల టైంలో స్పానిష్ మాట్లాడిందని స్కూల్లో వేళ్ల కణుపుల మీద స్కేలుతో కొట్టారు. కాలేజీలో చికానో పిల్లలందరికీ యాస పోగొట్టడానికి ప్రత్యేకంగా క్లాసులు. ఆవిడ కసికొద్దీ అర వాక్యం ఇంగ్లిషు, అర వాక్యం స్పానిష్ రాసి, అర్థం కాకపోతే మీరే కష్టపడండని వదిలేసింది.

నేను చదివిన కాన్వెంట్లో తెలుగు మాటకి రూపాయి ఫైను. నెలాఖరుకి నా పేరు మీదే ఎక్కువ ఉండేది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఇంగ్లిషులో అడుగుతారు, నేను తెలుగులో చెప్తాను, మా అత్తగారు మధ్యలో హిందీ సీరియల్ డైలాగ్ కొడుతుంది. అన్‌జల్దువా చదివాక ఇది సిగ్గుపడాల్సిన కిచిడీ అనిపించడం మానేసింది.

గోదారిగట్టు
మ్యాంగో స్ట్రీట్‌లో కూడా ఉంది కదా. మూడో అంతస్తులో ఉండే లావుపాటావిడ, ఇంగ్లిషు రాక కిందికే దిగదు, ఇల్లు ఇల్లు అని బెంగపెట్టుకుని పాటలు పాడుకుంటుంది. చివరికి చంటివాడు టీవీలో విని పెప్సీ పాట పాడతాడు, ఇంగ్లిషులో. అది విని ఆమె ఏడుపు. అక్కడ మొగుడు దుర్మార్గుడేం కాదు. రెండు ఉద్యోగాలు చేసి డబ్బు కూడబెట్టి ఆమెని తెచ్చుకున్నాడు. ఆమె కూర్చున్న కిటికీ వేరే. వాణి గారు అన్ని కిటికీలూ ఒకటేనన్నట్టు రాశారు.

ఫ్రిస్కో_వాణి
నిజమే, ఆ కిటికీ నాకు తెలుసు. వచ్చిన మొదటి ఏడాది డిపెండెంట్ వీసా మీద నేనూ కూర్చున్నాను. పనిచెయ్యకూడదు, కారు నడపడం రాదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఏ కారు ఏ టైంకి వస్తుందో నోటికి వచ్చేది. ఆయన మంచివాడే. మంచితనం వల్ల కిటికీ పోదు.

మిర్చిబజ్జీ99
ఈ ఒక్కసారికి జోకు లేదండీ.

పాతపుస్తకాల_పురుగు
వాణి గారికి ఇంకో పుస్తకం. అనా కాస్టియోది ‘సో ఫార్ ఫ్రమ్ గాడ్’, 1993. న్యూమెక్సికోలో తోమె అనే పల్లె, సోఫీ, నలుగురు కూతుళ్లు. ఒక కూతురు ఫె, బ్యాంకులో ఉద్యోగం, అమెరికన్‌లా బతకాలని తాపత్రయం. పెళ్లికొడుకు చీటీ రాసి తప్పుకుంటే అరవడం మొదలెడుతుంది, ఆపదు. చివరికి గొంతు దెబ్బతిని, ఆ తర్వాత జీవితాంతం మాటల మధ్య మాటలు ఎగిరిపోతూ ఉంటాయి. ఇంకో మంచివాణ్ణి పెళ్లాడుతుంది కూడా, అయినా ఫ్యాక్టరీలో ఏ రసాయనంతో కడుగుతున్నారో చెప్పకుండా పనిచేయించుకుంటే ఆ జబ్బుతో పోతుంది. ఇంత చావుల మధ్య కథ చెప్పే గొంతు మాత్రం పక్కింటి పిన్నిలా ఎకసెక్కాలాడుతూ సాగుతుంది. (మోడరేటర్ గారూ, ఇది హెచ్చరిక.) సోఫీ మొగుడు జూదగాడు, ఆమెని వదిలి పోయాడని ఊరంతా ఇరవై ఏళ్లు జాలిపడుతుంది. అసలు వెళ్లగొట్టింది ఆమే. జాలి ఉంటే సర్దుకుపోతుంది కదా అని ఎవరికీ చెప్పలేదంతే.

గోదారిగట్టు
మా మేనత్త సేమ్ టు సేమ్. ఇంతకన్నా రాస్తే చుట్టాలు చదువుతారు.

శాన్‌ఆంటోనియో_సుబ్బు
చిన్న ముక్క. సిస్నేరోస్ మా ఊళ్లో ఉన్నప్పుడు 1997లో ఇంటికి వంగపండు రంగు వేయించింది. అది పురాతన ఇళ్ల పేట, ఈ రంగు చరిత్రలో లేదని ఊరి బోర్డు అడ్డుపడింది. మా జనం చరిత్ర మీ రికార్డుల్లో లేదు కాబట్టి మా రంగూ లేదని ఆవిడ వాదన. చివరికి టెక్సాస్ ఎండకి రంగు వెలిసిపోయి గొడవ తీరింది.

మిర్చిబజ్జీ99
మా బావ ఇంటికి వాస్తు ప్రకారం అదే రంగు వేయించాడు. బోర్డు లేదు, అక్క ఉంది. వారంలో సున్నం కొట్టించింది.

ఫ్రిస్కో_వాణి
మూడు వారాల తర్వాత వస్తున్నాను. పిల్ల వ్యాసం రాసింది. సాలీ మీద కాదు, కిటికీ మీద కాదు. ఎస్పెరాన్జా ఒకచోట, మగవాళ్లలాగా తిన్న కంచం తీయకుండా, కుర్చీ లోపలికి నెట్టకుండా బల్ల దగ్గర్నుంచి లేచిపోతానని పట్టుబడుతుంది చూడండి, ఆ అర పేజీ మీద. వ్యాసానికి ‘ఏ’ గ్రేడు వచ్చింది. ఇంట్లో కంచం తీయడం మానేసింది.

థాంక్స్‌గివింగ్ సెలవులకి శాన్ ఆంటోనియో వెళ్లాం. సుబ్బు గారి మాట పట్టుకుని ఐ-10 మీద సెగీన్ వైపు కారు మళ్లించమన్నాను. దారిలో క్లెయోఫిలాస్ కథ చెప్తుంటే పిల్ల హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. బోర్డు వచ్చింది, ‘అదిగో’ అనేలోపే దాటేశాం. చూస్తే పిల్లకాలవ. నేను ఊరుకున్నాను. ఆయనే ఏమీ అనకుండా తర్వాతి ఎగ్జిట్ తీసుకుని వెనక్కి తిప్పారు, మళ్లీ తిప్పారు. రెండోసారి నేను అరిచాను. కారులో ముగ్గురం, అరిచింది నేనొక్కదాన్నే. పిల్ల ‘అమ్మా, ప్లీజ్’ అంది.

శాన్‌ఆంటోనియో_సుబ్బు
రెండుసార్లు తిప్పారా! వాణి గారూ, కాఫీ విషయంలో ఆయన్ని క్షమించేయండి ఇక.

ఫ్రిస్కో_వాణి
క్షమించాను. కాఫీ ఇప్పటికీ నేనే కలుపుతున్నాను.